క్విల్టు గుడ్డకు మీటరు ధరే కొలమానమా?

సంక్షిప్తంగా: క్విల్టుకు, అంటే గుడ్డ ముక్కలు అతికి పొరలుగా కుట్టే బొంత లాంటి దుప్పటికి, కొనే గుడ్డ విలువ కొట్లో చేతికి తగిలే మెత్తదనంతోనో, మీటరు ధరతోనో తేలదు. గంజి వదిలి, ముడుచుకుని, అదనపు రంగు పోయాక మిగిలిన గుడ్డ చదరపు మీటరుకు ఎంత పడిందన్నదే అసలు ధర. నూలు నంబరు, అంగుళానికి పోగులు, పన్నా, రంగు రకం తెలిస్తే ఈ లెక్క చాలావరకు ముందే కట్టవచ్చు. చెన్నై బజారులో దొరికే గుడ్డకు ఆ లెక్క ఎలా కట్టాలో, ఎక్కడ తప్పుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

చెన్నైలో క్విల్టు కుట్టడం నేర్చుకుంటున్నవారికి మొదట ఎదురయ్యే చిక్కు కుట్టు కాదు, గుడ్డ. షావుకారుపేటలో మీటరు నూటపాతికకు దొరికే పూల కాటన్‌కూ, ఆన్‌లైన్‌లో వెయ్యి దాటి పలికే విదేశీ క్విల్టింగ్ కాటన్‌కూ కంటికి పెద్ద తేడా కనబడదు. రెండూ నూరు శాతం నూలే. రెండూ సాదా నేతే. మరి ఎనిమిది రెట్ల తేడా దేనికి? ఖరీదైనదంతా మంచిదనీ, చవకదంతా రంగు పోయేదనీ అనుకోవడం తేలిక. బజారు అంత సూటిగా లేదు.

## పాత బొంతకు లేని చిక్కు

తెలుగు ఇళ్లలో బొంత కోసం గుడ్డ కొనే అలవాటు ఉండేది కాదు. నలిగిన నేతచీరలు, పంచెలు, పిల్లల గౌన్లు పొరలుగా పరిచి కుట్టేవారు. ఆ గుడ్డ అప్పటికే ఏళ్ల తరబడి ఉతుకులు తిన్నది. ముడుచుకోవలసినంత ముడుచుకుంది, వదలవలసిన రంగు వదిలేసింది, పలచబడ్డ చోట చిరిగి ఆ ముక్క మసిగుడ్డలోకి పోయింది. బొంతలోకి చేరిన గుడ్డ నాణ్యత గురించి ఎవరూ ఊహించాల్సిన పని లేదు, కాలమే తేల్చి ఇచ్చింది.

కొత్త తానులోంచి కోయించిన గుడ్డకు ఈ చరిత్ర లేదు. పైగా క్విల్టులో ఒక గుడ్డ లోపం ఆ గుడ్డతో ఆగదు. చొక్కా రంగు పోతే ఆ చొక్కాయే వెలుస్తుంది. క్విల్టులో ఎర్ర ముక్క పక్కనే తెల్ల ముక్క, రెండూ ఒకే కుట్టులో బిగిసి ఉంటాయి, మళ్లీ విడదీసి ఉతకడం కుదరదు. ఇరవై రకాల గుడ్డల్లో పందొమ్మిది మంచివై, ఒకటి నాసిరకమైనా వారాల తరబడి చేసిన పని ఆ ఒక్కదాని చేతిలో ఉంటుంది. అందువల్ల క్విల్టు గుడ్డ కొనడంలో ప్రశ్న ‘ఇది మంచి గుడ్డేనా’ అన్నది ఒక్కటే కాదు. మిగతా గుడ్డల పక్కన ఇది ఇముడుతుందా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

## తయారీ ముక్కలైంది, పూచీ పోయింది

పెరంబూరులోని బకింగ్‌హాం అండ్ కర్నాటిక్ మిల్లు 1996లో మూతపడింది. అలాంటి పెద్ద మిల్లుల కాలంలో దూది లోపలికి వెళితే గుడ్డ బయటికి వచ్చేది. అంచు మీది మిల్లు ముద్రే పూచీ. ఇప్పుడు బజారుకు వచ్చే అచ్చు గుడ్డలో చాలా భాగం దారి వేరు. నూలు కోయంబత్తూరు వైపు మిల్లుల్లో వడకవచ్చు, నేత ఈరోడ్, పల్లడం, సోమనూరు మరమగ్గాల మీద జరగవచ్చు, అచ్చు గుజరాత్‌లోని జేత్‌పూర్‌లోనో, రాజస్థాన్‌లోని పాలిలోనో పడవచ్చు. ఆపైన టోకు వ్యాపారి, చిల్లర కొట్టు. వీటిలో ఏ ఒక్కరికీ గుడ్డ పూర్తి కథ తెలియదు.

దీని ఫలితం కొనేవారికి తరచూ అనుభవంలోకి వస్తుంది. చెన్నై బజారులో ‘కాడా తుణి’ అనే, రంగు వేయని కోరా గుడ్డ మీదే అచ్చు పడుతుంది. ఒకే డిజైన్‌ను చవక కోరా మీదా వేయవచ్చు, దిట్టమైన కోరా మీదా వేయవచ్చు. కిందటి నెల కొన్న నీలం పూల గుడ్డ బాగుందని ఈ నెల అదే డిజైన్ తెచ్చుకుంటే, కింది గుడ్డ పూర్తిగా వేరుగా ఉండవచ్చు. డిజైన్‌ను బట్టి నాణ్యతను గుర్తుపట్టే పద్ధతి అందుకే పనిచేయదు.

గుడ్డ మీద తయారీదారు పేరు, నూలు పాళ్లు, పొడవు, వెడల్పు వంటివి ముద్రించాలని 1988 నాటి జవుళి వినియోగదారుల రక్షణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ ముద్ర సాధారణంగా తాను చివరన ఉంటుంది. మీటరు, అర మీటరు కోయించుకునేవారికి అది కనబడదు. తానును పూర్తిగా విప్పి చివర చూపమని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. పట్టుబట్టి అడగవలసిన విషయమే.

## నంబరు, పోగులు, బరువు

గుడ్డను అంకెల్లో చెప్పే పద్ధతి టోకు బజారులో ఉంది. చిల్లర కొట్టుకు చేరేసరికి అది ‘ప్యూర్ కాటన్’ అనే రెండు మాటలకు కుదించుకుపోతుంది. టోకు వ్యాపారి ‘అరవై అరవై, తొంభైరెండు ఎనభై ఎనిమిది’ అంటే పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) రెండూ 60 నంబరు నూలు, అంగుళానికి 92 పడుగు పోగులు, 88 పేక పోగులు అని అర్థం. ఇది బజారులో ఎక్కువగా తిరిగే కేంబ్రిక్ అనే పలచని నూలు గుడ్డ కొలత. పాప్లిన్ అనే దిట్టమైన గుడ్డకు ‘నలభై నలభై, నూట ముప్పై రెండు డెబ్బై రెండు’ అనేది వాడుకలో ఉన్న కొలత.

నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) ఎన్ని వస్తాయో అదే నంబరు. నూలు సన్నమైతే గుడ్డ మెత్తగా, పలచగా వస్తుంది. ఆ పలచదనాన్ని పోగులు పెంచి సరిచేయవచ్చు. రెండింటినీ కలిపి బరువు తెలుసుకునే సుళువైన లెక్క ఒకటుంది: అంగుళానికి పడుగు పోగులూ పేక పోగులూ కూడి, నంబరుతో భాగించి, 25తో హెచ్చిస్తే చదరపు మీటరు బరువు గ్రాముల్లో దాదాపుగా వస్తుంది. దీన్నే జీఎస్ఎం అంటారు. కేంబ్రిక్‌కు 92, 88 కూడితే 180. 60తో భాగిస్తే 3, పాతికతో హెచ్చిస్తే 75 గ్రాములు. పాప్లిన్‌కు 204ను 40తో భాగిస్తే 5.1, అంటే సుమారు 127 గ్రాములు.

విదేశాల్లో క్విల్టింగ్ కాటన్ పేరుతో అమ్మేది చాలావరకు 130 నుంచి 150 గ్రాముల మధ్య ఉంటుంది. అంటే చెన్నైలో దొరికే మంచి పాప్లిన్ బరువులో దానికి దగ్గరగా వస్తుంది, కేంబ్రిక్ దాదాపు సగం బరువుతో ఆగిపోతుంది. రెండింటికీ కొట్లో పేరు ఒక్కటే, ‘కాటన్’. ఈ ఒక్క అంకె తెలియక పోల్చడం వల్లే ‘మన గుడ్డ క్విల్టుకు పనికిరాదు’ అన్న అపోహ పుట్టింది. పోల్చినది పాప్లిన్‌తో కాదు, కేంబ్రిక్‌తో.

అలాగని కేంబ్రిక్ పనికిరానిది కాదు. అన్ని ముక్కలూ కేంబ్రిక్‌వే అయితే వేసవి దుప్పటి తేలిగ్గా, చక్కగా వస్తుంది. చెన్నై వాతావరణానికి అదే హాయి. చిక్కంతా 75 గ్రాముల ముక్కను 130 గ్రాముల ముక్క పక్కన కుట్టినప్పుడు వస్తుంది. లాగుడు పడ్డప్పుడల్లా బరువైన గుడ్డ నిలబడుతుంది, పలచనిది కుట్టు వెంట పిగిలిపోతుంది. క్విల్టులో కుట్టు అంచుకు వదిలేది పావు అంగుళమే, వదులు నేత గుడ్డలో అంత సన్నని అంచు నుంచి పోగులు జారిపోతాయి.

పోగులు ఎక్కువగా ఉంటే చాలు, మంచిదనుకోవడమూ పొరపాటే. దుప్పట్ల మీద రాసే 400, 600 అంకెల్లో చాలాసార్లు పురి కలిపిన దారంలోని ఒక్కో పోగునూ విడిగా లెక్కిస్తారు. నిజంగానే అంత దిట్టమైన నేత అయితే చేతికుట్టు సూది దిగడమే కష్టం. ఊడదీసినప్పుడు సూది రంధ్రం మూసుకోదు. మిషను మీద కుట్టేవారికి దిట్టమైన పాప్లిన్ బాగుంటుంది, చేత్తో కుట్టేవారికి కొంచెం వదులు నేతే నయం.

జాకెట్ గుడ్డల కొట్లలో వందల రంగుల్లో దొరికే టూ బై టూ రుబియా సంగతి వేరుగా చెప్పుకోవాలి. పడుగు, పేక రెండూ జంట పోగులు కావడంతో అది గట్టిది, రంగుల వరస చూస్తే క్విల్టు కుట్టేవారికి పండగే. కానీ ఆ పేరుతో పాలిస్టర్ కలిసిన గుడ్డ కూడా అమ్ముతున్నారు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూస్తే తెలిసిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగే మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ ఉంటే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. అలాంటి ముక్క మిగతా నూలు ముక్కలతో పాటు వేడి ఇస్త్రీకి తట్టుకోదు.

## గంజి చేసే మాయ

కొట్లో చేతికి దిట్టంగా తగిలేది గుడ్డా, గంజా అన్నది రెండో ప్రశ్న. నేతకు ముందు పడుగుకు గంజి పెట్టక తప్పదు, లేకుంటే మగ్గం రాపిడికి పోగులు తెగుతాయి. మంచి తయారీలో ఆ గంజిని కడిగేసి, తర్వాత మితంగా ముస్తాబు (ఫినిషింగ్) పెడతారు. నాసిరకంలో పలచని నేతను కప్పడానికే మళ్లీ దట్టంగా పట్టిస్తారు.

గుడ్డ మూలను రెండు చేతుల మధ్య గట్టిగా నులిమితే పొడి రాలడం, నులిమిన చోటు మిగతా గుడ్డకంటే మెత్తబడి పలచగా కనిపించడం గంజికి గుర్తులు. వెలుతురుకు ఎత్తి చూస్తే పోగుల మధ్య సందులు, లావు సన్నాల తేడా కనబడతాయి. ఇంట్లో ఇంకా కచ్చితమైన దారి ఉంది. 20 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి, గ్రాములో భాగాలు చూపే చిన్న డిజిటల్ త్రాసు మీద తూచి పాతికతో హెచ్చిస్తే జీఎస్ఎం వస్తుంది. అదే ముక్కను వేడి నీళ్లలో సబ్బుతో ఉతికి, ఎండబెట్టి మళ్లీ తూస్తే తగ్గిన బరువంతా గంజే. పది శాతం పైగా తగ్గితే ఆ మేరకు గంజికి గుడ్డ ధర చెల్లించినట్టు. పెద్ద మొత్తంలో కొనే ముందు పావు మీటరు తెచ్చి ఈ పరీక్ష చేయడం దండగ ఖర్చు కాదు. చెన్నై ఉక్కలో గంజి గుడ్డను మడిచి పెడితే బూజు పట్టే ముప్పు కూడా ఉంది.

## రంగు: అసలు జూదం ఇక్కడే

రంగు పోయే గుడ్డకూ మద్రాసుకూ పాత సంబంధం ఉంది. 1734లో ఈస్టిండియా కంపెనీ నేతగాళ్లు, అద్దకందారులు, చాకళ్ల కోసం చింతాద్రిపేటను ఏర్పరిచింది. గళ్ల గుడ్డ, అద్దకం గుడ్డ ఈ రేవు నుంచి దేశదేశాలకు వెళ్లాయి. 1958లో అమెరికా దుస్తుల సంస్థ బ్రూక్స్ బ్రదర్స్‌కు మద్రాసు గళ్ల గుడ్డ చేరింది. చల్లని నీళ్లలో విడిగా ఉతకాలన్న హెచ్చరిక కొన్నవారికి అందలేదు. ఉతికితే రంగులు కలిసిపోయాయి, ఫిర్యాదులు వచ్చాయి. చివరకు ఆ లోపాన్నే గొప్పగా మార్చి ‘రంగు వదలడం ఖాయం’ అని ప్రచారం చేశారు. ఉతికిన ప్రతిసారీ కొత్త ఛాయ వచ్చే చొక్కాగా అది ఫ్యాషన్ అయింది. చొక్కాకు చెల్లిన ఆ ప్రచారం తెల్ల గళ్లున్న క్విల్టుకు చెల్లదు.

రంగు ఎందుకు పోతుందో తెలిస్తే ఏది కొనవచ్చో తెలుస్తుంది. నూలు మీద ఇప్పుడు ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు. 1956లో బ్రిటన్ సంస్థ ఐసీఐ వీటిని బజారులోకి తెచ్చింది. ఇవి నూలు పీచుతో రసాయనికంగా ముడిపడతాయి, ముడిపడ్డ రంగు ఉతికినా పోదు. అయితే అద్దకం తొట్టిలో కొంత రంగు పీచుతో కాకుండా నీళ్లతో కలిసి చచ్చుబడుతుంది. అది గుడ్డలో ఊరికే ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వేడి నీళ్లలో, సబ్బుతో పలుమార్లు కడిగి తీసేయాలి. నీరు, వేడి, సమయం అన్నీ ఖర్చే కాబట్టి చవక తయారీలో ముందు కోత పడేది ఈ కడుగుడు మీదే. కొనేవారి బకెట్‌లో కనిపించే రంగు నీళ్లు చాలాసార్లు ఆ మిగులే.

డైరెక్ట్ రంగుల కథ వేరు. అవి పీచుతో ముడిపడవు, అంటుకుని ఉంటాయంతే. ఉతికినప్పుడల్లా కొంత కొంత వదులుతూనే ఉంటాయి. ‘మొదటి ఉతుకులో కాస్త పోతుంది, తర్వాత పోదు’ అని కొట్టువారు చెప్పే మాట రియాక్టివ్ రంగుల విషయంలో నిజం, డైరెక్ట్ రంగుల విషయంలో కాదు. అందుకే ఒక్క ఉతుకుతో తీర్పు చెప్పకూడదు. మూడో ఉతుకులో కూడా నీళ్లు అంతే చిక్కగా రంగు మారితే ఆ గుడ్డను క్విల్టుకు దూరంగా ఉంచాలి.

మూడోది పిగ్మెంట్ అచ్చు. ఇందులో రంగు పీచులోకి దిగదు, జిగురుతో పైన అంటుకుంటుంది. వెనక వైపు తెల్లగా ఉండి, ముందు కాస్త బిరుసుగా తగిలితే పిగ్మెంట్ అని అనుమానించవచ్చు. నీళ్లలో పెద్దగా కారదు, కానీ మడతల దగ్గర రాపిడికి వెలుస్తుంది. లేత రంగుల్లో సమస్య తక్కువ, ముదురు నేల మీద ఎక్కువ.

పరీక్షశాలల్లో రంగు నిలకడకు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు, ఎండకు మాత్రం 1 నుంచి 8 వరకు. గుడ్డ తన రంగు ఎంత కోల్పోయిందన్నది ఒక మార్కు, పక్క గుడ్డకు ఎంత అంటించిందన్నది ఇంకో మార్కు. క్విల్టుకు రెండోదే ముఖ్యం. నీళ్లు కొంచెం రంగు మారినా పక్క తెలుపుకు అంటకపోతే ఆ గుడ్డ వాడవచ్చు. దాన్ని ఇంట్లోనే చూడవచ్చు: ముక్కను తడిపి, తెల్ల నూలు గుడ్డ మడతల మధ్య పెట్టి ఇస్త్రీ చేయాలి, ఇంకో ముక్కను వేడి సబ్బు నీళ్లలో తెల్ల పీలికతో కలిపి అరగంట నానబెట్టాలి. కొట్లో అయితే తడి చేతిరుమాలుతో గట్టిగా రుద్దడమే దారి. ఎరుపు, నల్లనీలం, నలుపు, ముదురు ఊదా రంగులకు ఈ పరీక్ష తప్పనిసరి.

రాళ్ల ఉప్పు, పటిక, వెనిగర్‌లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం ఇంకా బలంగా ఉంది. అద్దకం తొట్టిలో ఉప్పు రంగును పీచు వైపు తోస్తుంది, పటిక కొన్ని సహజ రంగులను పట్టి ఉంచుతుంది. అవి అద్దే సమయంలో జరిగే పనులు. అద్దడం అయిపోయాక ఇరుక్కున్న మిగులు రంగును ఉప్పు బయటికి రానివ్వదు, అంతే. మొదటి రోజు నీళ్లు తేటగా కనబడతాయి, తర్వాత ఉతికినప్పుడు ఆ రంగు పక్క ముక్క మీద తేలుతుంది. చెన్నైలో దీనికి ఇంకో ముడి ఉంది. చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. నీళ్ల శుద్ధి యంత్రం వదిలే వృథా నీళ్లను పట్టి గుడ్డలు నానబెట్టే ఇళ్లూ ఎక్కువే. ఆ నీళ్లలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి కాబట్టి మిగులు రంగు వదలదు, సబ్బు నురగ రాదు. క్విల్టు గుడ్డ మొదటి ఉతుకులకు మెత్తని నీళ్లు, వాన నీళ్లయినా సరే, వాడడం మంచిది.

కలంకారీ గురించి రెండు మాటలు. పెడన అచ్చు గుడ్డకు చెన్నైలో మంచి గిరాకీ ఉంది, తెలుగువారికి ఆ గుడ్డ మీద సహజంగానే మమకారం. కరక్కాయ, పటిక పట్టించి అద్దిన ఎరుపు బాగా నిలుస్తుంది. ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే నలుపు చూడటానికి గంభీరంగా ఉన్నా, ఇనుము దశాబ్దాల మీద నూలును తినేస్తుంది. పాత అద్దకం గుడ్డల్లో నల్లని గీతల వెంటే చిరుగులు పడటానికి కారణం ఇదే. వారసత్వంగా నిలవాలనుకునే పనిలో నల్లటి కలంకారీని పరిమితంగా వాడటం తెలివైన పని. అవే డిజైన్లు స్క్రీన్ అచ్చులో రసాయన రంగులతో వస్తున్నాయి. అవి చెడ్డవని కాదు, చేతి అచ్చు ధరకు కొనకూడదు.

## ముడుత, వంకర

మగ్గం మీదా, ముస్తాబులోనూ గుడ్డను లాగి పట్టి ఉంచుతారు. నీళ్లు తగలగానే ఆ బిగువు సడలి గుడ్డ వెనక్కి వస్తుంది. మామూలు నూలు గుడ్డకు మూడు నుంచి ఐదు శాతం ముడుత సహజం, వదులు నేతకు అంతకు మించవచ్చు. శాన్‌ఫరైజ్ చేసిన, అంటే తయారీలోనే ముందుగా ముడుచుకునేలా చేసిన గుడ్డకు ఒక శాతం లోపే. అన్ని ముక్కలూ ఒకేలా ముడుచుకుంటే క్విల్టుకు హాని లేదు, తేడాగా ముడుచుకుంటేనే కుట్ల దగ్గర ముడతలు లేస్తాయి. నేత, మిల్లు గుడ్డలు కలిపి వాడేటప్పుడు ముందే ఉతకడం తప్పదు.

పడుగు, పేక ఒకదానికొకటి నిలువుగా లేకపోతే ముక్కలు ఎంత సరిగ్గా కోసినా ఉతికాక మెలిక తిరుగుతాయి. అచ్చు వంకర తేల్చడానికి అంచు దగ్గర చిన్న గాటు పెట్టి పేక వెంట చించి చూడాలి. చిరుగు గీతా డిజైన్ గీతా రెండు అంగుళాల మేర విడిపోతే ఆ గుడ్డలో గళ్లు, చారలు కోయడం వృథా ప్రయాస. మగ్గం మీదే రంగు నూలుతో నేసిన గళ్లకు ఈ బాధ లేదు. గడి ఎక్కడుంటే పోగూ అక్కడే ఉంటుంది. ఆ విధంగా చేనేత గళ్ల గుడ్డ క్విల్టుకు ఎంతో అనువైనది, దానికి రావలసినంత గుర్తింపు రాలేదు.

## మీటరు ధర వెనక అసలు ధర

మూడు గుడ్డలు తీసుకుందాం. ధరలు లెక్క కోసమే. మొదటిది మీటరు రూ.140, పన్నా 36 అంగుళాలు, పొడవులో 6 శాతం, వెడల్పులో 3 శాతం ముడుత. రెండోది రూ.190, పన్నా 44. మూడోది రూ.220, పన్నా 58. ఈ రెండింటికీ పొడవులో 3, వెడల్పులో 2 శాతం ముడుత. ఒక్కో గుడ్డకు రెండు అంచులకూ కలిపి ఒక అంగుళం తీసేసి ఉతికాక మిగిలే చదరపు మీటరుకు లెక్కిస్తే మొదటిది సుమారు రూ.173, రెండోది రూ.183, మూడోది రూ.160. మీటరుకు అన్నిటికంటే ఖరీదైనదే చివరకు చవక అయింది.

ముక్క పరిమాణం ఇంకో ఖర్చు. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులో పోతుంది. 10 అంగుళాల చదరానికి అదనంగా పట్టే గుడ్డ 11 శాతమే. 5 అంగుళాలకు అది 23 శాతం, రెండున్నర అంగుళాలకు 56 శాతం. చిన్న ముక్కల క్విల్టుకు గుడ్డ ఎందుకు ఎక్కువ పడుతుందో దీనితో అర్థమవుతుంది. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్న క్విల్టుకు 5 అంగుళాల ముక్కలతో పై భాగానికి సుమారు 4.3 చదరపు మీటర్లు, అడుగు గుడ్డకు దాదాపు 4, అంచు పట్టీకి అర మీటరు లోపు కావాలి. మొత్తం తొమ్మిదికి కాస్త తక్కువ. చదరపు మీటరుకు యాభై రూపాయలు పెంచి మంచి గుడ్డ తీసుకుంటే క్విల్టు మొత్తానికి పెరిగేది నాలుగైదు వందలు. వారాల చేతిపని ముందు అది చిన్న మొత్తం, ఈ విషయంలో పొదుపు చేయడం సరికాదు.

కోసి కట్టిన ముక్కల పొట్లాలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. 5 అంగుళాల చదరాలు 42 ఉన్న పొట్లంలో గుడ్డ 1,050 చదరపు అంగుళాలు. 44 అంగుళాల పన్నాలో మీటరుకు 1,732. అంటే పొట్లంలో ఉన్నది 60 సెంటీమీటర్ల గుడ్డ మాత్రమే. 18, 22 అంగుళాల ‘ఫ్యాట్ క్వార్టర్’ ముక్కలు నాలుగైతే ఒక గజం, మీటరు కాదు. రంగుల వైవిధ్యం కోసం ఆ అదనపు ధర ఇవ్వడంలో తప్పు లేదు, అడుగు గుడ్డకు మాత్రం అర్థం లేదు.

## చెన్నైలో ఎక్కడ ఏది

జార్జ్‌టౌన్‌లోని గోడౌన్ వీధి టోకు బజారు. నెల్లూరు, చిత్తూరు వైపు వ్యాపారులు కూడా ఇక్కడికి వస్తారు, చాలా కొట్లలో తెలుగులోనే బేరం సాగుతుంది. నంబరు, పోగులు, జీఎస్ఎం అడిగితే జవాబు దొరికే అవకాశం ఇక్కడే ఎక్కువ. తాను కొనాలన్న షరతు ఉంటే నలుగురు కలిసి కొని పంచుకోవచ్చు. అడుగు గుడ్డకూ సాదా రంగులకూ ఈ బజారే లాభం. షావుకారుపేట, మింట్ వీధుల్లో ఉత్తరాది అచ్చు గుడ్డలు ఎక్కువ, డిజైన్ల వైవిధ్యం బాగుంటుంది, రంగు పరీక్ష మాత్రం మరవకూడదు. టి.నగర్ రంగనాథన్ వీధిలో కట్‌పీసుల ధర ఆశపెడుతుంది. ఆ బిట్లు ఏ తానులోవో తెలియదు కాబట్టి ముందు ఉతికి, తర్వాతే క్విల్టులో చేర్చాలి. 1935లో మొదలైన తమిళనాడు చేనేత సహకార సంస్థ కో-ఆప్టెక్స్‌లో చేనేత గళ్లు, చారల గుడ్డ దొరుకుతుంది, దీపావళి రాయితీ వేళ ధర కలిసివస్తుంది. ఆడి మాసపు తగ్గింపులలో బోర్డు మీది శాతం కాదు, తగ్గింపు తర్వాత చదరపు మీటరు ధర చూడాలి.

## విదేశీ గుడ్డకు ఇచ్చే డబ్బు

వెయ్యి రూపాయల గుడ్డలో ఆ డబ్బంతా నూలుకు పోదు. డిజైన్ గీసినవారి హక్కు సొమ్ము, ఎక్కువ రంగుల స్క్రీన్లు, కడుగుడు, రవాణా, సుంకం, పలు అంచెల లాభం కలిసి ఉంటాయి. వాటిలో కొన్నిటికి నిజమైన విలువ ఉంది. తానుకూ తానుకూ కొలత మారదు, ముడుత ఒకేలా ఉంటుంది, రంగులు ఒకదానికొకటి పొసిగేలా వరుసగా వస్తాయి. కొనేది ప్రధానంగా ఈ నమ్మకాన్నే. దాన్ని పావు మీటరు పరీక్షతో సంపాదించుకోగలిగినవారికి చెన్నై పాప్లిన్‌తో అదే పని ఆరో వంతు, ఏడో వంతు ధరకు అవుతుంది. పరీక్షకు తీరిక లేనివారు, ఒక ప్రత్యేక డిజైనే కావాలనుకునేవారు పైభాగంలో కొద్దిగా విదేశీది వాడి, మిగతాది ఇక్కడి గుడ్డతో నింపడం నడిమి దారి. బరువులు దగ్గరగా ఉంటే చాలు.

## ధరలు ఎటు వెళ్లవచ్చు

2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 వరకు దిగుమతి దూదిపై 11 శాతం సుంకాన్ని కేంద్రం తొలగించింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి కృత్రిమ పీచుపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, కృత్రిమ నూలుపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నూలు గుడ్డపై పన్ను ముందు నుంచీ 5 శాతమే. గుడ్డ ధరలో దూది ఒక భాగం మాత్రమే, నేత కూలి, అచ్చు, కడుగుడు మిగతావి. అందుకే దూది కాస్త తగ్గినా మీటరు ధరలో అంతగా కనబడదు. కృత్రిమ నూలు చవకైతే దాన్ని కలిపి ‘కాటన్’ పేరుతో అమ్మే ఆకర్షణ మాత్రం పెరుగుతుంది. పోగులు కాల్చి చూసే అలవాటు ఇకపై మరింత అవసరం.

ధరతో సంబంధం లేకుండా పాటించవలసింది ఒకటి మిగిలింది. ఒక్కో తొట్టిలో అద్దిన గుడ్డ ఛాయ ఒక్కోలా తేలుతుంది. నేల రంగు, అంచు పట్టీ, అడుగు గుడ్డ, ఈ మూడింటికి కావలసినదంతా ఒకే తానులోంచి, ముడుతకు పది శాతం కలుపుకుని, ఒకేసారి కోయించాలి. తక్కువ పడి నెల తర్వాత అదే కొట్టుకు వెళ్లినా ఆ ఛాయ దొరకకపోవచ్చు. వెళ్లక తప్పకపోతే పాత ముక్కను వెంట తీసుకెళ్లి, కొట్లోని దీపాల కింద కాకుండా వీధిలోకి తెచ్చి పగటి వెలుతురులో పోల్చాలి. తెచ్చుకున్న ముక్క ఇప్పటికే ఉతికినదై ఉండాలి. ఉతకని తాను పక్కన అది కాస్త వెలిసినట్టు కనిపించడం సహజం, ఆ తేడాకు తగ్గ ఛాయనే ఎంచుకోవాలి.